పసుపు బ్యూక్ లోపలి కుంకుమ

పందొమ్మిది వందల డెబ్బయ్యైదు, జూన్ పద్నాలుగు, శనివారం. ఆ మధ్యాహ్నం ఫ్లింట్ బస్‌స్టేషన్ బయట బల్ల మీద కూర్చుని పద్మనాభమూ రాజారావూ తిన్నది బ్రెడ్డు ముక్కల మధ్య ఆవకాయ పిండి, దాని మీద నాలుగు ఉల్లిపాయ చక్రాలు. చేతులు తుడుచుకోవడానికి కాగితం కూడా లేదు. ఆ నూనె వేళ్లతోనే వెళ్లి, కొన్న కారు తాళాలు పుచ్చుకున్నారు.

యాభై ఏళ్ల తర్వాత ఇప్పుడు ఆ తాళాలే ఇమ్మంటోంది రాగిణి.

"ఇచ్చెయ్ నాన్నా. ప్లీజ్."

పద్మనాభం చొక్కా మడతపెడుతూ తలెత్తలేదు. మంచం మీద సూట్‌కేసు సగం నిండి ఉంది.

"ఎయిట్ హండ్రెడ్ మైల్స్. ఆ కార్‌లో ఎయిర్‌బ్యాగ్స్ లేవు. నీకు సెవెంటీ ఫోర్. కంటి ఆపరేషన్ అయ్యి ఎన్నాళ్లయింది? ప్లెయిన్స్‌బరోలో రాజారావ్ అంకుల్ దగ్గరికి ఫ్లైట్ బుక్ చేస్తానంటే వద్దంటావ్. ఎవరైనా వింటే నన్నేమనుకుంటారు?"

"ఎవరూ వినరులే."

"చూశావా? వన్ వీక్ నుంచి ఒక్క మాట లేదు. మాట్లాడితే ఇలాంటిది."

"బట్టలు సర్దుకోనీ అమ్మా."

రాగిణి ఇంకో నిమిషం గుమ్మంలోనే నిలబడింది. అమెరికాలో పుట్టిన పిల్ల. కోపం ఎక్కువైతే తెలుగు దొరకదు, దుఃఖం ఎక్కువైతే ఇంగ్లీషు దొరకదు. ఇప్పుడు రెండూ దొరకనట్టు చూసి, వంటింట్లోకి వెళ్లిపోయింది.

పద్మనాభం చేతిలోని చొక్కాని విప్పి మళ్లీ మడతపెట్టాడు.

గత శనివారం దాకా ఈ ఇంట్లో గొడవ లేదు. భార్య అనురాధ పోయాక మిషిగన్ ఇల్లు ఖాళీచేసి, పద్మనాభం షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో కూతురి దగ్గరికి వచ్చి రెండేళ్లయింది. వస్తూ వస్తూ తెచ్చుకున్నది రెండు పెట్టెలూ, ఆ పాత కారూ. గరాజ్‌లో దానికి చోటివ్వడానికి అల్లుడు ఫణి తన కారు బయట పెట్టుకున్నాడు. చలికాలం పొద్దుటిపూట అద్దాల మీద మంచు గీకుతున్న చప్పుడు పద్మనాభం గది కిటికీలోంచి వినిపించేది. రెండు చలికాలాల్లో ఒక్కసారీ ఆ కుర్రాడు విసుక్కున్న చప్పుడు వినిపించలేదు.

ఈ ఆదివారం ఊళ్లో పాత కార్ల షో ఉంది. మామగారికి చెప్పకుండా ఫణి ఆయన బండి పేరు రాయించాడు. తుడిచి మెరుగుపెట్టే షాపుకి పంపించాడు. బండి తళతళలాడుతూ తిరిగొచ్చింది. పద్మనాభం ముచ్చటపడి ట్రంక్ మూత ఎత్తాడు.

మూత లోపలివైపు ఏమీ లేదు. నలభై ఏళ్లకి పైగా అక్కడున్న అనురాధ చేతి కుంకుమ స్వస్తిక్ లేదు. పసుపుపచ్చ రేకు, అద్దంలా శుభ్రంగా.

"నేనే తీసెయ్యమన్నాను," అంది రాగిణి. "షోలో ట్రంక్ ఓపెన్ చేస్తారు నాన్నా. జనం ఇంకోలా అనుకుంటారు."

"జనం కోసం మీ అమ్మని తుడిచేశావా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అన్నాక వెనక్కి తీసుకోవడం ఆయనకి చేతకాలేదు. ఆ సాయంత్రమే రాజారావుకి ఫోన్ చేసి, నీ దగ్గరికి వచ్చేస్తున్నానన్నాడు. ఎన్నాళ్లకని రాజారావు అడగలేదు, ఈయన చెప్పలేదు.

ఇప్పుడు మళ్లీ అతనే ఫోన్ చేశాడు.

"ఒరే పద్దూ, బయల్దేరుతున్నట్టా, మనసు మార్చుకున్నట్టా?"

"పొద్దున ఏడింటికి."

"ఆ బండి తాగుడు తెలుసుగా. ప్రతి బంకులోనూ ఆగుతూ నువ్వు ఒహాయో దాటేసరికి ముసలాడివైపోతావు."

"ఇప్పుడేమైనా కుర్రాణ్ణా?"

"నీ సంగతేమో గానీ నేను కుర్రాణ్ణే. నిన్న పై అంతస్తుకి మెట్లెక్కి వెంటనే దిగాను. ఎందుకెక్కానో గుర్తురాలేదు."

పద్మనాభం నవ్వాడు. వారంలో అదే మొదటి నవ్వు.

"ఒరే, ఆ నారింజరంగు సూపర్‌బర్డ్ కారు ఇప్పుడెక్కడుంటుందంటావ్?" అన్నాడు రాజారావు హఠాత్తుగా.

"ఎవడి షెడ్డులోనో, దుప్పటి కప్పుకుని."

"దాని వెనక రెక్క మీద రెండు పంచెలు ఆరేసుకోవచ్చన్నాను గుర్తుందా?"

గుర్తులేకేం. డెట్రాయిట్‌లో ఎమ్మెస్ చదివే రోజుల్లో వాళ్లకి సినిమాకి వెళ్లే స్తోమత లేదు. శనివారం సాయంత్రాలు వుడ్‌వార్డ్ రోడ్డు పక్క గడ్డిలో కూర్చునేవాళ్లు. పొద్దువాలుతుంటే ఒక్కొక్కటే వచ్చేవి. కోసుముక్కుతో, మనిషి ఎత్తు రెక్కతో ప్లిమత్ సూపర్‌బర్డ్. నల్లచారల షెవెల్. గొంతు జీరబోయిన మస్టాంగ్. కళ్లు మూసుకుని చప్పుడునిబట్టి బండి పేరు చెప్పాలి. ఓడినవాడు ఆ రాత్రి గిన్నెలు తోమాలి. రాజారావు తోమని శనివారం లేదు.

ఆ బళ్ల కుర్రాళ్లు ఎర్రలైటు దగ్గర ఆగినప్పుడు వీళ్ల వంక చూసి, వీళ్ల కోసమే ఇంజన్ని ఒకసారి గర్జింపజేసి పోయేవాళ్లు. కొత్త దేశంలో పలకరించినవాళ్లు తక్కువ. ఆ గర్జింపు పలకరింపు కిందే జమ.

ఆ తర్వాత పెట్రోలు కరువొచ్చింది. బంకుల దగ్గర బారులు. మొన్నటిదాకా కుర్రాళ్లు ప్రాణంపెట్టుకున్న బళ్లు ఒక్కసారిగా ఎవరికీ అక్కర్లేనివయ్యాయి. అప్పుడు దొరికింది పద్మనాభానికి ఈ డెబ్బయ్యో సంవత్సరపు బ్యూక్ జీఎస్ఎక్స్. పచ్చటి పసుపురంగు, నల్లచారలు. ఆ ఏడాది ఆ రంగులో ఐదువందలు కూడా తయారవలేదని ఆయనకి తర్వాతెప్పుడో తెలిసింది. అమ్మినవాడు ఫ్లింట్‌లో ఫ్యాక్టరీ కార్మికుడు. రెండో బిడ్డ పుట్టి, పెద్దబండి అవసరమై అమ్ముకుంటున్నాడు. వీళ్లకి క్లచ్ తొక్కడం సరిగా రాదని చూసి, సాయంత్రం దాకా పక్కన కూర్చుని నేర్పాడు. దిగేముందు తన చొక్కా చేతితో బానెట్ మీద దుమ్ము తుడిచాడు. ఆ తుడవడం పద్మనాభం మరిచిపోలేదు.

"అమ్మాయితో మాట్లాడావా?" రాజారావు గొంతు మారింది.

"లేదు."

"వస్తే రా. పక్క వేయించే ఉంచాను. కానీ పోట్లాడి రాకురా. నా ఇంట్లో ఇప్పటికే ఒక పోట్లాట నడుస్తోంది, టీవీకీ నాకూ."

ఫోన్ పెట్టేసి పద్మనాభం సూట్‌కేసు మూత వాల్చాడు.

అనురాధ రాజమండ్రి నుంచి వచ్చింది డెబ్బయ్యెనిమిదిలో. అపార్ట్‌మెంటు ముందు ఆగి ఉన్న బండి చుట్టూ తిరిగి, బానెట్ మీద బిగించి ఉన్న గుండ్రటి మీటరు చూసి ఆగిపోయింది.

"ఇదేంటండీ, గడియారం బయట పెట్టారు?"

"గడియారం కాదు. ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోందో చెబుతుంది."

"లోపల కూర్చున్నవాళ్లకి చెప్పాల్సింది బయట పెట్టుకుంటే ఎలాగ?"

పూజ చెయ్యని బండి ఎక్కనంది. నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టించింది. నువ్వులనూనెలో కుంకుమ కలిపి, ఉంగరపువేలితో బానెట్ మీద స్వస్తిక్ వేసింది. "పైకొమ్మ మన కుడిచేతివైపు తిరగాలండీ. ఎడమకి తిప్పారంటే మా నాయనమ్మ చెయ్యి విరగ్గొట్టేది," అని నవ్వింది.

అదే సమయానికి పక్క వాటాలో ఉండే మిసెస్ ఆడ్లర్ సరుకుల సంచితో వచ్చింది. బానెట్ వంక చూసి, మొహం పాలిపోయి, పలకరించకుండా లోపలికి వెళ్లిపోయింది.

ఆవిడ పుట్టిన దేశంలో ఆ గుర్తు పెట్టుకున్న నాజీలు యూదులైన ఆవిడవాళ్లని ఏం చేశారో పద్మనాభం చెప్పాడు. అనురాధ కట్టుకున్న పట్టుచీర కొంగుతోనే బానెట్ తుడిచేసింది. ట్రంక్ తెరిపించి, మూత లోపల మళ్లీ వేసింది.

"దేవుడికి లోపల ఉన్నా కనపడుతుందిలెండి. పాపం, పెద్దావిడ రోజూ ఈ దారినే వెళ్లాలి."

ఆ తర్వాత ప్రతి దసరాకీ ఆ గీతల మీదే మళ్లీ గీతలు. ఆమె పోయాక మిగిలింది ఆ మరకే. పొద్దున్నే కాఫీ గ్లాసుతో గరాజ్‌లోకి వెళ్లి, ట్రంక్ తెరిచి, అందులో ఉండే మడతకుర్చీ వేసుకుని, మూత మీద చెయ్యి ఆనించి కాసేపు మాట్లాడుకోవడం ఆయనకి అలవాటైంది. శుక్లాలు ముదిరి అన్నీ పొగమంచులా ఉండేవి. అయినా ఎర్రటి మరక అక్కడుందని తెలిసేది. చాలు.

"మామయ్యా, రావచ్చా?"

ఫణి. వరంగల్ నుంచి వచ్చి ఇరవై ఏళ్లు కావొస్తున్నా ఆ యాస పూర్తిగా పోలేదు. ఫోన్ చేత్తో పట్టుకుని, తప్పు చేసినవాడిలా నిలబడ్డాడు.

"షాపుకి పంపుడు నాదే ఐడియా మామయ్యా. రాగిణి వాళ్లకేం చెప్పిందో నాకు తెల్వదు. నిజంగ."

"నీ తప్పేముంది నాయనా. కూర్చో."

"ఒక్కటి దొరికింది. షాపువాళ్లు మొదలుపెట్టేముందు ఫొటోలు తీస్తరు, లోపలా బయటా. అడిగితే పంపిండ్రు. ట్రంక్ మూతది కూడా ఉంది. పెద్దగ ప్రింట్ తీయిస్త. ఫ్రేమ్ కట్టించుకుందాం."

పద్మనాభం ఫోన్ అందుకున్నాడు.  ఆపరేషన్ అయ్యాక డాక్టరు గరాజ్ దుమ్ములోకి వెళ్లొద్దన్నాడు. ఆ గడువు తీరేలోపే బండి షాపుకి వెళ్లిపోయింది. కొత్త కంటితో ఆ గుర్తుని చూడ్డం ఇదే మొదటిసారి.

పసుపు రేకు మీద ఎర్రటి గీతలు. చుట్టూ నాలుగు చుక్కలు. 

మరుక్షణం ఆయన ఫోన్ని కంటికి దగ్గరగా తెచ్చుకున్నాడు.

"ఇది తిరగబడి పడిందా ఫొటో?"

"లే మామయ్యా. కింద చూడండి, స్టిక్కర్ మీద అక్షరాలు సరిగ్గనే ఉన్నయి."

ఉన్నాయి. అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి. స్వస్తిక్ పైకొమ్మ మాత్రం ఎడమచేతివైపు తిరిగి ఉంది.

ఆయన ఫోన్ తిరిగిచ్చేశాడు.

"ఫణీ, మా బండి మిషిగన్ నుంచి ట్రైలర్ మీద వచ్చిన రోజు, దింపించుకుంది ఎవరు?"

"రాగిణి. నేను ఆఫీస్‌లో ఉన్న. మీరు లోపల పడుకున్నరు, ఒంట్లో బాగలేక. ఎందుకు మామయ్యా?"

"ఏం లేదు."

ఆయన లేచి వంటింట్లోకి నడిచాడు. ఫణి వెంట రాబోయి, ఏమనుకున్నాడో, ఆ గదిలోనే ఆగిపోయాడు.

రాగిణి సింకు ముందు ఉంది. పక్కన గట్టు మీద వరసగా డబ్బాలు: నిమ్మకాయ పులిహోర, పెరుగన్నం, విడిగా వేయించిన వడియాలు. వారంగా మాటల్లేని మనిషి దారిలో తినడానికి.

"పెరుగన్నం ఐస్‌ప్యాక్ పక్కన పెట్టుకో," అంది తిరక్కుండానే. "ఫస్ట్ అదే తినెయ్."

"ఆ కుంకుమ ఎక్కడిదమ్మా?"

"ఏ కుంకుమ?"

"ట్రంక్ మూతకి పెట్టింది."

"అమ్మ పెట్టింది కదా."

"మీ అమ్మ ఎడమకి తిప్పదు."

కుళాయి నీళ్లు పోతూనే ఉన్నాయి. ఆమె చేతులు ఆగిపోయాయి.

"దానికి లెఫ్ట్, రైట్ ఉంటుందా?"

"ఉంటుంది."

రాగిణి కుళాయి కట్టేసింది. నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఇంకోటయింది.

"ఓ మై గాడ్. రివర్స్‌లో వేశానా? టూ ఇయర్స్ నుంచి అలాగే ఉందా?"

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ట్రైలర్ మీద మంచు కరిగి ట్రంక్ లోపలికి కారింది నాన్నా. ట్రంక్ తీస్తే పింక్ వాటర్. అమ్మది మొత్తం కారిపోతోంది. పేపర్ టవల్ పెట్టాను, ఉన్నది కూడా వచ్చేసింది. అమ్మ పోయి వన్ మంత్ కాలేదు. నువ్వేమో అన్నం తినట్లేదు. లేచి చూస్తే ఏమైపోతావో అని..." మోచేత్తో ముక్కు తుడుచుకుంది. "అమ్మ కుంకం భరిణె నా దగ్గరే ఉంది. ఆయిల్ కలిపి వేసేశాను. తర్వాత చెప్దామనుకున్నా."

"చెప్పొచ్చుగా."

"ఎలా చెప్పను? నెక్స్ట్ మార్నింగ్ వెళ్లి దాన్ని పట్టుకుని 'అనూ, వచ్చేశాం' అన్నావ్."



"మరి షో అన్నావు. జనం ఇంకోలా అనుకుంటారన్నావు."

"ఏదో ఒకటి చెప్పాలి కదా."

"నిజం ఏంటి?"

రాగిణి చేతులు తుడుచుకుంది. తుడుచుకున్న చేతుల్నే మళ్లీ తుడుచుకుంది.

"కాఫీ పెడ్తుంటే అన్నీ వినిపిస్తాయి నాన్నా. గరాజ్ గోడ ఇదే కదా. ఫస్ట్‌లో బానే ఉండేది. నీకు మాట్లాడ్డానికి ఎవరో ఉన్నారు అనుకున్నా. ఆపరేషన్‌కి ముందు ఒక రోజు నువ్వేమన్నావో తెలుసా?"

ఆయనకి తెలియలేదు. తెలుసుకోవాలనీ లేదు.

"'రాగిణి బాగా చూసుకుంటోంది అనూ. కానీ ఈ ఇంట్లో నాతో మాట్లాడేవాళ్లు లేరు' అన్నావ్."

ఫ్రిజ్ గుయ్యిమంటూ మొదలై, ఆగింది.

"నేను వేసిన బొట్టుకి నా మీదే చెప్తున్నావ్. నేనేమో గోడ ఇవతల, నీ ఇడ్లీ ప్లేట్ పట్టుకుని నిలబడ్డాను. లోపలికొచ్చి 'బానే నిద్రపట్టిందా' అంటే 'ఆఁ' అన్నావ్. అంతే. 'ఆఁ'." ఆమె గొంతు చిన్నదైంది. "అది లేకపోతే నాతో మాట్లాడ్తావనుకున్నా. స్టుపిడ్. అది పోయింది. నాకున్న 'ఆఁ' కూడా పోయింది."

పద్మనాభం నోరు తెరిచాడు. రాజారావుతో అయితే మాటలు వాటంతటవే వస్తాయి. రేకు ముక్కకి ఎన్నైనా చెప్పుకున్నాడు. ఎదురుగా కన్నకూతురు, కళ్లనీళ్లతో, అడుగు దూరంలో ఉంటే ఒక్క మాటా నాలుక మీదికి రాలేదు. ఆయన చెయ్యి చాచి, పులిహోర డబ్బా మూత సరిగా నొక్కాడు. అది సరిగానే ఉంది.

"మళ్లీ వెయ్యనా?" అంది రాగిణి. "ఇప్పుడే. నువ్వు చెప్పు, రైట్‌కి వేస్తాను."

"వద్దు."

ఆమె మొహంలో ఏదో ఆరిపోయింది.

ఆయన ఆ ఒక్క మాటతో ఆగాలనుకోలేదు. వద్దు, ఇంక రేకుతో మాట్లాడను, అనాలనుకున్నాడు. వద్దు, నువ్వున్నావు కదా, అనాలనుకున్నాడు. ఎప్పటిలాగే మొదటి మాటే బయటికి వచ్చింది, తక్కినవి లోపలే వెతుక్కుంటున్నాయి.

"ఓకే," అంది రాగిణి. డబ్బాలన్నీ సంచిలో సర్ది, జిప్ లాగి, ఆయన ముందు పెట్టింది. "తాళాలు నీ దగ్గరే ఉంచుకో. ఇంక అడగను. వెళ్లాలనుంటే వెళ్లు. నన్ను మాత్రం లేపొద్దు నాన్నా. నువ్వెళ్లడం వినలేను."

ఆమె మెట్లెక్కి వెళ్లిపోయింది. ఫణి గదిలోంచి వచ్చి, మామగారి వంకా మెట్ల వంకా చూసి, గట్టు మీద లైటు ఒక్కటి ఉంచి మిగతావి ఆర్పేశాడు. "పొద్దున టైర్లల్ల గాలి చూస్త," అని మెల్లగా అని, ఆమె వెనకే పైకి వెళ్లాడు.

పద్మనాభం సంచి ముందు కూర్చుని ఉన్నాడు. నీళ్లు తాగాడు. లేచాడు.

ఆయన ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ రాగిణి పడగ్గది తలుపు రాత్రిపూట బెత్తెడు తెరిచే ఉంటుంది. కింద ఆయన దగ్గితే వినపడాలని. ఆ సందులోంచి లైటు వెలుగు సన్నగా మెట్ల మీదికి పడుతుంది. దాహమేసి లేచినప్పుడు ఆయన అడుగు తడబడకుండా చూసేది ఆ వెలుగే. దాని సంగతి ఆమె ఎన్నడూ చెప్పలేదు. ఆయనా ఎన్నడూ అనలేదు.

ఆ 'వద్దు'కి తక్కిన సగం చెప్పి రావాలి. చెప్పాక ఏం జరిగితే అది జరుగుతుంది. ఆయన మెట్ల పక్క కమ్మీ పట్టుకుని మొదటి మెట్టు ఎక్కాడు. చొక్కా జేబులో ఫోన్ వణికింది. రాజారావే అయి ఉంటాడు, ఏ దారిన వస్తున్నావని. తియ్యలేదు. మాటలు చెదిరిపోతాయేమోనని గుండెల్లోనే కూడబలుక్కుంటూ ఇంకో మెట్టు ఎక్కాడు. ఇంకోటి.

మెట్ల మీది వెలుగు సన్నబడింది.

ఆయన తలెత్తేసరికి, పైన రాగిణి తన గది తలుపుని చప్పుడు కాకుండా, పూర్తిగా మూసేసింది.